ముప్పై టన్నుల నూనె తప్పిపోయిన నెల

నేను ఆయిల్ కంపెనీలో పనిచేస్తానని చెప్పగానే మా బంధువుల కళ్లలో ఒక వెలుగు వస్తుంది. పెట్రోలనుకుంటారు. పామాయిల్ అనగానే ఆ వెలుగు ఆరిపోయి, రెండు క్షణాల తర్వాత కాస్త చిన్నగా మళ్లీ వెలుగుతుంది. "అయితే పెళ్లికి పది డబ్బాలు తెప్పించగలవా?" తెప్పించలేను. మా కంపెనీ ఉద్యోగులకు తగ్గింపు ధరకే నూనె ఇస్తుంది. ఆ తగ్గింపు ఎంత ఉదారమైనదంటే, బుచ్చిరెడ్డిపాలెంలో మా వీధి చివర కొట్లో అదే ప్యాకెట్ ఇంకో రూపాయి తక్కువకు దొరుకుతుంది.

కంపెనీ మాత్రం పెద్దదే. సముద్రం అవతలి దేశాల నుంచి ముడినూనె ఓడల్లో వస్తుంది. రేవు నుంచి గొట్టాల్లో మా ట్యాంకుల్లోకి, ట్యాంకుల నుంచి శుద్ధికి, అక్కడి నుంచి ప్యాకెట్లలోకి, ప్యాకెట్ల నుంచి జనం బజ్జీల్లోకి. ఈ మహాప్రయాణంలో నా పాత్ర అకౌంట్స్ సెక్షన్లో ఒక కుర్చీ. అమ్మిన సరుకు మీద మాకైన ఖర్చును మా వాళ్లు కాస్ట్ ఆఫ్ సేల్స్ అంటారు. అది పోయిన నెల కంటే ఈ నెల ఎందుకు మారిందో హెడ్డాఫీసుకు ఒక పేజీలో రాసి పంపడం నా పని.

ఈ కాస్ట్ ఆఫ్ సేల్స్ సంగతి మా అమ్మకు ఒకసారి చెప్పాను. ఆమె అడగలేదు. మధ్యాహ్నం కరెంటు పోయి ఇద్దరం వరండాలో కూర్చుని ఉన్నాం, ఆమెకు పారిపోయే దారి లేదు.

"నెల మొదట్లో డబ్బాలో నూనె ఎంతుందో చూస్తామ్మా. నెలలో కొన్నది దానికి కలుపుతాం. నెలాఖర్న మిగిలింది తీసేస్తాం. ఖర్చయింది తేలిపోతాది."

"దీనికా నిన్ను పదిహేడేండ్లు చదివించింది?"

"మాది కొంచెం పెద్ద డబ్బామ్మా."

"డబ్బా ఎంత పెద్దదైతే ఏంది? మిగిలింది సరిగ్గా చూసుకోకపోతే ఖర్చు తప్పు తేలతాది గదా."

ఆ మాట ఆ రోజే ఒక కాగితం మీద రాసి ఆఫీసు గోడకు అంటించి ఉంటే, నేనిప్పుడు చెప్పబోయేది జరిగేది కాదు. కానీ తల్లుల మాటలు గోడకు అంటించే అలవాటు మా ఇంట్లో లేదు.

ఖర్చు పెరిగితే కారణాలకు కొదవేం లేదు. ఎక్కడో తోటల్లో వానలు పడలేదు, రూపాయి జారింది, దిగుమతి సుంకం మారింది, ఓడ రెండు రోజులు రేవు బయటే నిలబడింది, ప్యాకెట్ల ప్లాస్టిక్ ధర పెరిగింది. ఏమీ తోచనప్పుడు నేను "అంతర్జాతీయ పరిస్థితుల దృష్ట్యా" అని మొదలుపెడతాను. ఆ మాటలు చూశాక ఎవరూ రెండో ప్రశ్న వేసిన పాపాన పోలేదు. అంతర్జాతీయ పరిస్థితులను మా ప్లాంటున్న ముత్తుకూరు రోడ్డు మీద కూర్చుని ఎవరు తనిఖీ చేస్తారు?

ఇక మిగిలింది ఎంతో చూసేది డిప్ అన్న. జీతాల పట్టీలో ఆయనకు వేరే పేరుంది గానీ అది జీతం రోజున తప్ప ఎవరికీ అవసరం పడదు. యాభై దాటిన మనిషి. ఇందుకూరుపేట అవతల, మైపాడు వైపు ఒక పల్లె నుంచి మోపెడ్ మీద వస్తాడు. ట్యాంకు చుట్టూ తిరిగే ఇనుప మెట్లెక్కి, పైన చిన్న మూత తీసి, చివర ఇత్తడి గుండు కట్టిన స్టీలు టేపును నూనెలోకి వదులుతాడు; దాన్నే డిప్ అంటారు. తడి ఎంతవరకు అంటుకుందో చూసి పుస్తకంలో రాస్తాడు. పంతొమ్మిదేళ్లుగా అదే పని. పర్మినెంట్ కాదు, ఏటేటా కాంట్రాక్టు రాస్తారు. ఆదివారాలు వాళ్ల పల్లె చర్చిలో డోలక్ వాయిస్తాడు.

పామాయిల్ చల్లబడితే నెయ్యిలా పేరుకుంటుంది. అందుకని బాయిలర్ నుంచి ఆవిరిని ట్యాంకుల లోపలి గొట్టాల గుండా పంపి నూనెను వెచ్చగా ఉంచుతారు. ఎండాకాలం, వానాకాలం తేడా లేకుండా దానికి యాభై డిగ్రీల స్నానం. మా ప్లాంటులో అంత వైభోగం అనుభవించేది ఆ నూనె ఒక్కటే.

ఆ నెల చివరి వారం వాయుగుండం పట్టింది. వారం రోజులు వాన. సరిగ్గా అదే వారం బాయిలర్ మరమ్మతు కూడా పెట్టుకున్నారు. తేదీ ఆర్నెల్ల కిందటే ఖరారైంది, వాయుగుండాన్ని ఎవరూ సంప్రదించలేదు. నెలాఖరు ఆదివారం పడింది. డిప్ అన్న పొద్దున ఆరింటికే వచ్చి, రెయిన్‌కోటు వేసుకుని నాలుగు ట్యాంకులూ కొలిచి, పుస్తకం నా బల్ల మీద పెట్టి చర్చికి వెళ్లిపోయాడు.

సోమవారం నేను అంకెలు ఎక్కించాను. ముప్పై టన్నులు తక్కువ వచ్చింది. మళ్లీ ఎక్కించాను. మళ్లీ అంతే. ముప్పై టన్నులంటే ఒక ట్యాంకర్ లారీ. మిగిలింది తగ్గితే ఖర్చు పెరిగినట్టే గదా, కాస్ట్ ఆఫ్ సేల్స్ చెంగున ఎగిరింది. నేను అలవాటుగా అంతర్జాతీయ పరిస్థితులతో మొదలుపెట్టి మా ప్లాంట్ మేనేజర్ గారికి పంపాను. మొట్టమొదటిసారి ఆయన రెండో పేరా కూడా చదివారు.

"ఏమయ్యా, అంతర్జాతీయ పరిస్థితులు ముప్పై టన్నులు తాగేసినాయా?"

మేనేజర్ గారికి మామూలు విషయాలు గిట్టవు. క్యాంటీన్ సాంబారులో ఉప్పు తగ్గితే ముగ్గురు సభ్యులతో కమిటీ వేసిన మనిషి. ఏసీ రిమోట్ కనిపించకపోతే "ఎవరో మన మధ్యనే ఉన్నారు" అంటారు. అలాంటాయనకు ముప్పై టన్నులు మాయమైన సంగతి చెప్పడమంటే పండగ ముందే వచ్చినట్టు. తలుపు మూయించారు. కిటికీ తెర దింపించారు. బయట వాన తప్ప మమ్మల్ని చూసేవాళ్లెవరూ లేరు. అయినా దింపించారు.

"ఇది దొంగతనం కాదు," అన్నారు మెల్లగా. "ద్రోహం."

తర్వాత కెమెరా దృశ్యాలు తెప్పించారు. ఆదివారం, ఏడూ నలభై. డిప్ అన్న మోపెడ్ మీద గేటు దాటుతున్నాడు. ముందర, కాళ్ల దగ్గర ఏదో లావుగా, గుండ్రంగా, ప్లాస్టిక్ పట్టా చుట్టి ఉంది. మేనేజర్ గారు బొమ్మను ఆపి, పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి, చివరికి గళ్ల లుంగీలా అయ్యేదాకా తెచ్చారు.

"చూసినావా?"

"చూసినాను సార్. డోలక్."

"డోలక్ అని నీకెట్ట తెలుసు?"

"ఆదివారం గదా సార్, చర్చిలో వాయిస్తాడు. అయినా ముప్పై టన్నులు అందులో యాడ పడతాయి సార్? ఎంత కుక్కినా ముప్పై కేజీలు."

"ఒక్కసారే తీసుకుపోయినాడని ఎవరన్నారు?"

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ ఎవరైనా గాలి నింపుతుంటే గుండుసూది కోసం వెతుక్కోవడం నాకు చిన్నప్పటి జబ్బు.

"వారానికి ముప్పై కేజీలంటే వెయ్యి ఆదివారాలు కావాల సార్," అన్నాను. "దగ్గర దగ్గర పంతొమ్మిదేండ్లు పడతాది."

నా జోకుకు నేనే ముసిముసిగా నవ్వుకున్నాను. మేనేజర్ గారు నవ్వలేదు. ముందుకు వంగి అడిగారు.

"ఇతని సర్వీసు ఎంత?"

ఆయనే ఫైలు తిప్పి చూసుకున్నారు. పంతొమ్మిదేళ్లు.

ఒకేసారి కదా పోయింది, పోయిన నెల లెక్క సరిగ్గానే ఉంది కదా అని నేను ఎంత మొత్తుకున్నా ఆ తర్వాత ఉపయోగం లేకపోయింది. నా సరదా లెక్క ఆ గదిలో సాక్ష్యమై కూర్చుంది. శుక్రవారం డిప్ అన్న కాంట్రాక్టు మళ్లీ రాయాలి. అది ఆపమన్నారు. ముప్పై టన్నులకు సంజాయిషీ అడుగుతూ లెటర్ ఒకటి టైపు చేసి, అందినట్టు ఆయన సంతకం తెమ్మని నన్నే పంపారు.

బుధవారం పొద్దున డిప్ అన్న నాలుగో ట్యాంకు కింద కూర్చుని టేపు తుడుచుకుంటున్నాడు.

"ఏందబ్బయా, తుంపర్లో తడస్తా వచ్చినావు? ఫోన్ జేస్తే నేనే వచ్చేవాణ్ణి గదా."

"సంతకం కావాలన్నా."

"యాడ?" అని పెన్ను తీసుకున్నాడు. చదవకుండానే.

"ముందు చదవన్నా."

చదివాడు. పెదవులు కదిలిస్తూ, వేలు పెట్టుకుని, నిదానంగా. చివరికొచ్చాక పెన్ను మూత పెట్టాడు.

"ముప్పై టన్నులా?"

"అవునన్నా."

"యాడికి తీసకపోయినానంట? దేంట్లో?"

"డోలక్‌లో. అది లెటర్లో రాయలేదులే."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. టేపును చుట్టి పక్కన పెట్టి, చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు.

"పని పోతే పోనీలేబ్బయా. రొయ్యల గుంటల కాడ కాపలాకన్నా పిలస్తారు. మా చర్చిలో కానుకల సంచి తిప్పేది నేను. ఎన్నో ఏండ్లుగా నేనే. కంపెనీలో దొంగని పంపించేసినారంటే ఆ సంచి మళ్లీ నా చేతికిస్తారా? ఇయ్యరు. ఎందుకని అడగరు గూడా. ఊరకే ఇంకొకరి చేతికిస్తారు. అందరి ముందర."

నేను లెటర్‌నూ, దాని కింద అట్టలా పెట్టుకొచ్చిన ఆయన పుస్తకాన్నీ వెనక్కి తీసుకున్నాను.

"అయినా పుస్తకంలో అంతా రాసే ఉండా గదా," అన్నాడు. "నువ్వు చూసుకోలేదా?"

"చూసినాను. లోతు తీసుకున్నాను గదన్నా."

"లోతొక్కటేనా?"

పుస్తకం చేతిలో ఉంది, తెరిచాను. తేదీ, ట్యాంకు నంబరు, లోతు. ఆ పక్కన నాలుగో గడి. దాని మీద ఆయన గుండ్రటి అక్షరాల్లో "వేడి" అని రాసుంది. యాభై. యాభై. యాభై ఒకటి. నలభై తొమ్మిది. పేజీలకు పేజీలు అలాగే. చివరి ఆదివారం మాత్రం: నలభై, నలభై, ముప్పై తొమ్మిది, నలభై.

"ఇదేందన్నా, నలభై?"

"బాయిలర్ లేకపాయె, వారం నుంచి వాన. చల్లబడదా? చల్లబడితే నూనె దిగతాది. బరువు యాడికీ పోదు, మట్టం దిగతాది అంతే. ఆ తేడా నువ్వు లెక్క గట్టుకుంటావనే గదా నేను రాసేది."

తుంపర కాస్త పెద్దదైంది.

సంగతేమిటంటే, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కంప్యూటర్లో లెక్కల షీటు ప్రతి నెలా ట్యాంకుకొకసారి వేడి ఎంతని అడిగేది. ప్రతి నెలా యాభై కొట్టేవాణ్ణి. మూడో నెలకు విసుగొచ్చి, ఆ గడిలో యాభై అని శాశ్వతంగా బిగించేశాను. ఇక అడగడం మానేసింది. నెలకు ఒక నిమిషం మిగిలింది. ఆ నిమిషం క్యాంటీన్లో టీకి కలిసొచ్చింది. షీటును సులభం చేశానని ఆ ఏడాది నాకొక మెచ్చుకోలు కాగితం కూడా ఇచ్చారు, ఇంట్లో టీవీ పక్కన ఉంది. ఇప్పుడు చల్లబడి దిగిన మట్టాన్ని తీసుకుని, ఇంకా వేడిగా పొంగి ఉన్న నూనె లెక్కన నా షీటు బరువు కట్టింది. ముప్పై టన్నులను మింగింది అదే.

మొదట నాకు తోచింది న్యాయం కాదు. చప్పుడు చేయకుండా యాభైని నలభై చేసి, సిస్టమ్ ఎర్రర్ అని చెప్పడం. మా ఆఫీసులో సిస్టమ్ అనేది కంటికి కనిపించని ఉద్యోగి. అన్ని తప్పులూ చేసేది అతనే, పాపం జీతం కూడా అడగడు. కానీ డిప్ అన్న నా మొహం వైపే చూస్తున్నాడు.

"చూడలేదన్నా," అన్నాను. "ఈ గడి నేను మూడేండ్లుగా చూడటం లేదు."

ఆయన తిడతాడని నిలబడ్డాను. పక్కనున్న సంచిలోంచి ఒక చిన్న ఇత్తడి గిన్నె తీశాడు. అందులో థర్మామీటర్ బిగించి ఉంది, గిన్నెకు పొడవాటి తాడు.

"దీన్ని లోపలికి దించి అయిదు నిమిషాలు ఉంచాలబ్బయా, వేడి సరిగ్గా తెలియాలంటే. ఒక్కో ట్యాంకుకు అయిదు నిమిషాలు. ఆదివారం ఆ గాల్లో, వానలో, పైన నిలబడి ఉంచినా. ఈ మూడేండ్లూ ఉంచుతానే ఉండా." గిన్నెకు తాడు చుట్టి, "ఎవరికోసం మరి?" అన్నాడు.

నేను పుస్తకం మూశాను.

పుస్తకం చంకన పెట్టుకుని మేనేజర్ గారి గదికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. ఆయన మొహంలో ఒక్కొక్క దీపం ఆరిపోవడం కనిపించింది.

"అంటే దొంగ లేడా?" అన్నారు, దగ్గరివాళ్లెవరో పోయినట్టు.

"లేడు సార్. వాన ఉంది, నేనున్నాను."

"హెడ్డాఫీసుకు సిస్టమ్ ఎర్రర్ అని రాసేద్దాం. ఆ లెటర్ మాత్రం ఫైల్లో ఉండనీ. కాంట్రాక్టు సంగతి తర్వాత చూద్దాంలే."

నేను కాసేపటి ముందు నాలోపల అన్న మాటే ఆయన పైకన్నారు. పైకి వింటే ఎంత చెడ్డగా ఉందో అప్పుడు తెలిసింది. ఫైల్లో ఆ లెటర్ ఉన్నంతకాలం డిప్ అన్న సగం దొంగ. సగం దొంగ చేతికి కూడా ఎవరూ సంచి ఇవ్వరు.

"సిస్టమ్ కాదు సార్, నేనే. నా పేరు పెట్టే రాస్తాను. ఆ లెటర్ చింపేయండి సార్."

"అంత తేలికా? నువ్వు చెప్పింది నిజమని రుజువేంది?"

రుజువు నాలుగో ట్యాంకులో ఉంది. దాంట్లోంచి ఆదివారం తర్వాత చుక్క కూడా తీయలేదు. మంగళవారం బాయిలర్ వెలిగించారు. నూనె మళ్లీ యాభైకి వచ్చాక కొలిస్తే, ఏమీ పోయకుండానే మట్టం పెరగాలి. గురువారం కొలుద్దామన్నారు మేనేజర్ గారు. అకౌంట్స్ తరఫున ఒకరు పైకెక్కి కళ్లతో చూడాలన్నారు. అకౌంట్స్ తరఫున అంటే ఎవరో నాకు వెంటనే అర్థమైంది.

నాకు ఎత్తంటే భయం. మా మిద్దె పిట్టగోడ దగ్గరికి కూడా పోను. గురువారం ఆ ఇనుప మెట్లన్నీ రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, కళ్లు సగం మూసుకుని ఎక్కాను.

"కిందికి చూడమాకబ్బయా," అన్నాడు వెనక డిప్ అన్న.

"నేను పైకి కూడా చూడటం లేదన్నా."

పైన మూత తీశాడు. వెచ్చటి నూనె వాసన మొహానికి కొట్టింది. ముందు గిన్నె దించాడు. అయిదు నిమిషాలు. నా జన్మలో అంత పొడుగు అయిదు నిమిషాలు లేవు. యాభై. తర్వాత టేపు వదిలి, గుండు అడుగు తాకాక, లాగి, తడి అంచు దగ్గర వేలు పెట్టి నాకు చూపించాడు. ఆదివారం కంటే నాలుగు వేళ్లు పైకి.

కింద నుంచి మేనేజర్ గారు గొంతు చించుకుంటున్నారు. "వచ్చిందా?"

"వచ్చింది సార్!" అని అరిచాను. "దానంతటదే!"

తప్పిపోయిన పిల్లవాడి గురించి మాట్లాడుకుంటున్నారనుకుని గేటు దగ్గర సెక్యూరిటీ పరిగెత్తుకొచ్చాడు.

మిగతా మూడు ట్యాంకులకూ ఆదివారం వేడి ప్రకారం లెక్క తిరగ్గట్టాను. ముప్పై టన్నులూ తిరిగొచ్చాయి. లెటర్ నా కళ్ల ముందే చింపారు. శుక్రవారం కాంట్రాక్టు రాశారు. నాకు మెమో ఇచ్చారు. మా సెక్షన్లో టైపు చేసేది నేనే కాబట్టి నా మెమో నేనే టైపు చేసుకున్నాను. అక్షరదోషం ఒక్కటి లేదు.

ఇంతటితో అయిపోలేదు. ఆ నెల లెక్కలు హెడ్డాఫీసులో అప్పటికే మూసేశారు, మళ్లీ తెరవడం కుదరదన్నారు. కాబట్టి తిరిగొచ్చిన నూనె మరుసటి నెలలో పడింది. ఆ నెల మా కాస్ట్ ఆఫ్ సేల్స్ ధబేలున కిందికి దిగింది. నేను పూసగుచ్చినట్టు కారణం రాశాను. అది ఎవరూ చదవలేదు, అంకె మాత్రం చూశారు. ఖర్చు అదుపు చేసిన తీరు ప్రశంసనీయమనీ, మీరు పాటించిన పద్ధతులు మిగతా ప్లాంట్లకూ తెలియజేయండనీ మెయిల్ వచ్చింది.

"ఏం రాద్దాం?" అన్నారు మేనేజర్ గారు, మెరిసిపోతూ.

"థర్మామీటర్ చూసినామని రాద్దాం సార్."

ఆయన సమష్టి కృషి అని ఒక పేజీ రాశారు.

అప్పటి నుంచి ప్రతి నెలాఖరుకూ నేను మెట్లెక్కుతున్నాను. ఎవరూ ఆర్డరు వేయలేదు. డిప్ అన్న మొదటి నెల ఫోన్ చేసి "రాబ్బయా" అన్నాడు, అంతే. షీటులో ఆ గడి మళ్లీ ఖాళీగా పెట్టాను, మళ్లీ ప్రతిసారీ అడుగుతోంది. ఇప్పుడు కళ్లు పూర్తిగా తెరిచే ఎక్కుతున్నాను, చివరి పది మెట్లు తప్ప.

మొన్న మళ్లీ నెలాఖరు ఆదివారం పడింది. పొద్దున్నే ఎక్కాం. గిన్నె దించి ఇద్దరం నిలబడ్డాం. అటు ఓడ ఒకటి రేవు బయట ఎదురుచూస్తోంది, మన ఖర్చు పెంచుతూ. ఇటు రొయ్యల గుంటల్లో నీళ్లు కొట్టే చక్రాలు తిరుగుతున్నాయి. అన్న ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా మీద కంపెనీ కోటు వేసుకున్నాడు. కింద మోపెడ్ మీద డోలక్, ఈసారి పట్టా లేకుండా, లోకమంతా చూసేట్టు.

"ఈ వారం గూడా సంచి నీదేనా అన్నా?"

"నాదే. రా, మధ్యాహ్నం భోజనం గూడా ఉండాది."

"వస్తే కానుకల లెక్క నన్నే రాయమంటావేమో."

ఆయన గిన్నె పైకి లాగి, థర్మామీటర్ ముందు నాకు చూపించి, తర్వాత తను చూసుకుని పుస్తకంలో రాశాడు.

"నిన్నా? వద్దు సామీ," అన్నాడు. "ఎవురెంతేసినా నువ్వు యాభై రాసేస్తావు."